కజాన్ యూనివర్సిటీ మేలా, తోమ్స్క్ మేలా?

రష్యా యూనివర్సిటీ అనగానే చాలామందికి మాస్కో, పీటర్స్‌బర్గ్ తప్ప ఇంకేదీ తట్టదు, పిల్లల్ని ఎంబీబీఎస్‌కి పంపాలనుకునేవాళ్లు మాత్రం కజాన్ పేరు వినే ఉంటారు. నన్నడిగితే చరిత్ర పరంగా కజాన్ పక్కన సైబీరియాలోని తోమ్స్క్ యూనివర్సిటీని కూడా నిలబెట్టి చూడాలి, చివరికి నా ఓటు తోమ్స్క్‌కే.

పెద్ద పేర్లు లెక్కపెడితే కజాన్‌తో పోటీయే లేదు. 1804లో పుట్టింది. లొబచేవ్‌స్కీ అనే లెక్కల ప్రొఫెసర్ యూక్లిడ్‌ని కాదని కొత్త జ్యామితిని 1826లో వినిపించింది ఇక్కడే, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆయనే తర్వాత పందొమ్మిదేళ్లు రెక్టార్, అంటే యూనివర్సిటీ పెద్ద, 1830లో ఊరిని కలరా కమ్మేస్తే విద్యార్థుల్నీ ప్రొఫెసర్ల కుటుంబాల్నీ లోపల పెట్టి గేట్లు మూయించి ఎంతోమందిని కాపాడుకున్నాడు. కెమిస్ట్రీలో కార్ల్ క్లాస్ అని ఒకాయన, ద్రావణాల్ని నాలుక మీద వేసుకుని రుచి చూసేంత పిచ్చి ఆయనకి, ప్లాటినం తీసేశాక మిగిలిన తుక్కులోంచి 1844లో రుథీనియం అనే కొత్త మూలకాన్ని పట్టుకున్నాడు. టాల్‌స్టాయ్ చదువు మధ్యలో మానేసిందీ, 1887లో లెనిన్‌ని బయటికి పంపేసిందీ ఇక్కడే.

కానీ కజాన్‌కి యూనివర్సిటీ జార్ ఆజ్ఞతో వచ్చింది, సైబీరియా మాత్రం దానికోసం దశాబ్దాలు అడిగి అడిగి అలసిపోయింది. 1803లోనే దెమిదోవ్ అనే ధనవంతుడు సైబీరియా యూనివర్సిటీకని డబ్బిస్తే అది డెబ్బై ఏళ్లకు పైగా వాడకుండా పడి ఉంది! పై చదువులకి ఉరల్ పర్వతాలు దాటి పోయిన కుర్రాళ్లలో తిరిగొచ్చేవాళ్లు తక్కువ, డాక్టర్లు మరీ తక్కువ, ఆ బాధ పోతానిన్, యాద్రింత్సెవ్ లాంటి సైబీరియా రచయితలు పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. సిబిర్యాకోవ్ అనే వ్యాపారి లక్ష రూబుళ్లిచ్చాడు. తోమ్స్క్‌లో పెట్టడానికి 1878లో అనుమతి వచ్చినా, విద్యార్థులు ఒకచోట చేరితే గొడవలే అని సర్కారుకి టెన్షన్, తలుపులు తెరిచేసరికి 1888 అయింది, అదీ ఒక్క మెడిసిన్‌తో, 72 మందితో. లా కోసం ఇంకో పదేళ్లు ఆగారు. అంత పెద్ద సైబీరియాకి సొంత గడ్డ మీద డాక్టర్లు తయారవడం అప్పుడు మొదలైంది, నా దృష్టిలో ఒక ప్రాంతానికి యూనివర్సిటీ చేయగలిగిన మేలు ఇంతకు మించి ఉండదు.

అలాగని కజాన్ గొప్పతనం తగ్గదు. తోమ్స్క్‌ని దగ్గరుండి కట్టించిన ఫ్లోరిన్‌స్కీ కజాన్‌లో ప్రొఫెసర్, అక్కడి తోటలో పనిచేసిన క్రిలోవ్ 1885లో బతికున్న మొక్కల్ని అంత దూరం మోసుకొచ్చి తోమ్స్క్‌లో సైబీరియా మొదటి బొటానికల్ గార్డెన్ పెట్టాడు. తోమ్స్క్‌లోని హెర్బేరియం, అంటే ఎండబెట్టి దాచిన మొక్కల భండారం, ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.