కడియం గడ్డితో పెరట్లో ఆట స్థలం: పలకలు కొనాలా, తీగలు కొనాలా?

ముందే చెప్పేస్తున్నాను. పిల్లలు ఆడుకునే చోట గడ్డి వేయాలనుకుంటే కడియం వెళ్ళండి, బెర్ముడా గడ్డి అడగండి, కానీ పలకలుగా (మట్టితో సహా చాపల్లా కోసిచ్చేవి) కాకుండా తీగలుగా (విడదీసి నాటుకునే గడ్డి ముక్కలు) కొనండి. మండపేట దగ్గర మా ఊళ్ళో ఇంటి వెనక ఎనిమిది సెంట్ల ఖాళీ జాగా ఉంది, మా అన్నయ్య పిల్లలూ వీధిలో పిల్లలూ క్రికెట్టూ ఫుట్‌బాలూ అందులోనే. ఒకే నర్సరీ దగ్గర సగం జాగాకి పలకలు, సగానికి తీగలు కొని ఒకేసారి వేయించాం. ఒక సార్వా, ఒక దాళ్వా, మధ్యలో ఎండాకాలం, అన్నీ గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయగలను. నర్సరీ పేరు రాయను. కడియపులంక రోడ్డు మీద నర్సరీలు వరసగా ఉంటాయి, ఎక్కడికెళ్ళినా అడగాల్సినవి ఇవే.

ఆ నర్సరీకి నేను ఎక్కువ మార్కులు వేసేది గడ్డి గురించి నిజం చెప్పినందుకు. మేం వెళ్ళగానే మా వదిన మెక్సికన్ గడ్డి చూసి ఇదే కావాలంది, మెత్తగా, గుబురుగా, చూడ్డానికి ఎంతో బాగుంటుంది మరి. ఓనరుగారు అమ్ముకోవచ్చు కదా, అమ్మలేదు. "ఆయ్, అది చూసుకోడానికండి, ఆడుకోడానికైతే వద్దండి అమ్మగారూ" అన్నారు. ఆయన చెప్పింది సరైనదే. మెక్సికన్ అని అమ్మేది జోయ్‌సియా జాతి, తొక్కుడు కొంత తట్టుకుంటుంది గానీ చాలా నిదానంగా పెరుగుతుంది, బౌలర్ కాలు పెట్టే చోట ఒకసారి చిరిగిందంటే మళ్ళీ పూడడానికి నెలలు పడుతుంది. బెర్ముడా అలా కాదు, పైన పాకే తీగలూ భూమిలో పాకే దుంపకాండాలూ రెండూ ఉంటాయి కాబట్టి చిరిగిన చోటుని చుట్టుపక్కల నుంచి అల్లుకొచ్చి మూసేస్తుంది.

బెర్ముడా అంటే మరేదో విదేశీ గడ్డి అనుకోకండి. వినాయక చవితికి మనం గట్టు మీద కోసుకొచ్చే గరికే అది. నర్సరీల్లో ఉండే సన్న రకాలు దాని సంకరాలు. వాటిల్లో బాగా పేరున్న టిఫ్‌వే 419 అమెరికాలోని జార్జియాలో టిఫ్టన్ అనే చోట తయారై 1960లో బయటికొచ్చింది, దానికి మొలకెత్తే విత్తనం పట్టదు, తీగ నాటడమో పలక పరచడమో తప్ప దారి లేదు. ఆన్‌లైన్లో ప్యాకెట్లలో దొరికేది మామూలు గరిక విత్తనం. కిలోకి 30 లక్షలకు పైగా గింజలుంటాయి, అంత సన్నం, మన వైపు తొలకరిలో ఒక్క గట్టి వాన పడితే గింజంతా బోదెలోకి పోతుంది. డబ్బు అస్సలు పెట్టలేం అనుకునేవాళ్ళు గట్టు గరికే తవ్వి నాటుకోండి, ఆకు కాస్త ముతక, వెన్నులు ఎక్కువ తీస్తుంది, పిల్లల ఆటకి అది చాలు.

ఇక ధర. పలకలు మాకు చదరపు అడుగు 12 రూపాయలు పడ్డాయి, బండి కిరాయి వేరే. తీగలకి కూడా అదే గడ్డిని విడదీసి ఇస్తారు, కానీ ఒక చదరపు అడుగు గడ్డిని కణుపులు కణుపులుగా విడదీస్తే దాదాపు పది చదరపు అడుగులు నాటుకోవచ్చు. ఖర్చులో తేడా ఎంతుంటుందో మీరే వేసుకోండి. పలకలు కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త: లెక్క బండి మీద కట్టొద్దు, పరిచాక నేల మీద టేపు పెట్టి కట్టండి. అంచులు వంకరగా ఉన్నవీ, దారిలో విరిగినవీ సర్దేసరికి మా సగంలో ఒక మూల ఖాళీగా మిగిలింది. అడిగితే తరవాత పంపించారు, ఆ మాట నిజమే, కానీ వచ్చేసరికి మొదట వేసినవి వేళ్ళు పట్టేశాయి, ఎత్తుపల్లాలు వచ్చాయి.

నేల తయారు చేయడం దగ్గర నర్సరీవాళ్ళ మాట వినొద్దంటాను. వాళ్ళతో వచ్చిన ట్రాక్టరు కుర్రాడు "దమ్ము చేసేద్దామండి, చదునుగా వస్తుంది" అన్నాడు. మేం ఒప్పుకోలేదు. వరిచేలో నీళ్ళు పెట్టి బురదగా దున్ని దమ్ము ఎందుకు చేస్తామంటే నీళ్ళు కిందికి ఇంకకుండా నిలబడాలని. ఆట స్థలానికి కావాల్సింది సరిగ్గా దానికి ఉల్టా. మన డెల్టా నల్లమట్టి అసలే నీళ్ళు వదలదు, దాన్ని దమ్ము చేస్తే గడ్డి వేళ్ళు పైన రెండంగుళాల్లోనే ఉండిపోతాయి, నాలుగు చినుకులు పడితే గ్రౌండు చెరువైపోతుంది. పొడి మీద దున్నించి, గడ్డలు కొట్టించి, వంద అడుగులకి ఒక అడుగు వాలు ఒకవైపు ఉండేలా చూసి, ఆ చివర మురుగు బోదె తీయించండి. ఈ వాలు కంటికి కనపడదు, బంతి దొర్లడంలోనూ తెలియదు, కానీ ఆగస్టులో మీ గ్రౌండుని కాపాడేది అదే. నల్లమట్టిలో కొంచెం ఇసుక కలిపితే తేలికవుతుందని చాలామంది అంటారు, అది నమ్మొద్దు, కొంచెం ఇసుక కలిపితే ఎండలో ఇంకా గట్టిపడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువు వేసుకోండి. కొబ్బరి పొట్టు మన కోనసీమలో దండిగా దొరుకుతుంది గానీ పచ్చిది వేయొద్దు, దాన్లో ఉప్పుంటుంది, కడిగి కుళ్ళబెట్టిందే వాడండి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. పలకల్లో తుంగ కలుపు వచ్చింది. పరిచిన కొన్నాళ్ళకి పచ్చగా, అందంగా, పక్క సగంలో నాటిన తీగలు వెలవెలబోయేట్టు కనిపించింది. ఆ తరవాత గడ్డి కంటే ముందుగా ముదురు పచ్చని మొలకలు నిటారుగా లేవడం మొదలైంది, కాడ పట్టుకుని చూస్తే మూడు అంచులున్నాయి, తుంగే. పలక అడుగున అంగుళం మందాన వచ్చే మట్టిలోనే తుంగ గడ్డలుంటాయి. పీకితే కాడ వస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది, ఒక గడ్డ పక్కన ఇంకోటి గొలుసులా పుడుతూనే ఉంటుంది. నర్సరీకి ఫోన్ చేస్తే ఇద్దరు మనుషుల్ని పంపి తవ్వించారు, డబ్బు అడగలేదు, ఆ మర్యాదకి సంతోషమే. అయినా పూర్తిగా పోలేదు. చివరికి చెరకు తోటల్లో తుంగకి కొట్టే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ మందు కొట్టాం, ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటకుండా, కొట్టే ముందు రెండు రోజులూ కొట్టాక రెండు రోజులూ గడ్డి కోయకుండా. అది బెర్ముడాని ఏమీ చేయదు, తుంగ రెండు మూడు వారాల్లో పసుపు తిరిగింది. కొత్తగా నాటిన గడ్డి మీద మాత్రం కొట్టొద్దు, అల్లుకున్నాకే.

తీగల సగంలో తుంగ అంతగా లేదు, ఎందుకంటే మట్టి దులిపేసి వేళ్ళతో సహా ముక్కలే తెచ్చాం. కూలికొచ్చిన ఆడవాళ్ళు మూడేసి కణుపుల ముక్కలు జానెడు దూరం కూడా లేకుండా నాట్లేసినట్టే వేసేశారు, సగం ముక్క మట్టిలో, సగం పైన. మొదటి రెండు వారాలూ రోజుకి రెండు మూడు సార్లు పల్చగా తడపాలి, ఆరనివ్వకూడదు. అదొక్కటే టెన్షన్. కాలవలకి నీళ్ళొదిలాక, మృగశిర దాటాక నాటితే ఆ పని సగం వానే చూసుకుంటుంది. రెండు నెలలకి నేల కనపడకుండా కప్పేసింది. ఇంకో విషయం, పలకల కింద మట్టి ఒక రకం, మా నేల మట్టి ఇంకో రకం కావడంతో వేళ్ళు ఆ రెండిటి మధ్య ఆగిపోయాయి, పిల్లలు పరుగెత్తి ఆగే చోట పలక పలకే జారింది. తీగలు మొదటి నుంచీ మా మట్టిలోనే వేరు పట్టాయి, అక్కడ ఒక్కచోటా జారలేదు. నా ఓటు వాటికి పడింది అందుకే.

ఆలనాపాలన గురించి కూడా నర్సరీవాళ్ళు సరిగ్గా చెప్పరు, రోజూ తడపండి అంటారు అంతే. అల్లుకున్న తరవాత రోజూ తడిపితే వేళ్ళు పైపైనే ఉంటాయి. వాన లేని వారంలో అంగుళం నీళ్ళు చాలు, అంటే సెంటుకి దాదాపు వెయ్యి లీటర్లు, దాన్ని ఒకటి రెండు సార్లుగా లోపలికి ఇంకేట్టు పెట్టండి. ఎండాకాలం కాలవలు కట్టేశాక బోరే దిక్కు కాబట్టి ఈ లెక్క పనికొస్తుంది. యూరియా నెలకి సెంటుకి 400 గ్రాములు, రెండు విడతలుగా, చల్లిన వెంటనే తడపాలి, లేకపోతే ఆకు మాడుతుంది. కొబ్బరితోటల్లో వాడే బ్రష్‌కట్టర్‌తో దయచేసి కోయించకండి, అది ఒకచోట గుండు చేస్తుంది, ఒకచోట వదిలేస్తుంది. చేత్తో తోసే రీలు మిషన్ చాలు, 20 నుంచి 25 మిల్లీమీటర్ల ఎత్తు, వానాకాలంలో వారానికి రెండు సార్లు, ఒక్కసారికి మూడో వంతుకి మించి కోయకూడదు. కొబ్బరి చెట్ల నీడ పడే చోట బెర్ముడా ఎంత పోషించినా పల్చబడుతుంది, రోజుకి కనీసం ఆరు గంటల ఎండ ఉంటేనే పెట్టుకోండి.

పిచ్ మీద గడ్డి పెంచాలని తాపత్రయపడొద్దు. 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు నల్లమట్టి వదిలేసి రోలింగ్ చేసుకోండి, ఆ పనికి మన మట్టిని మించింది లేదు. వాన వెలిసిన రోజు ఆట మానిపించడం ఒక్కటే కష్టం, పిల్లలు వినరు, కానీ తడి నల్లమట్టి మీద ఒక్క సాయంత్రం ఫుట్‌బాల్ ఆడితే నేల అట్ట కట్టేస్తుంది, తరవాత ముళ్ళ పార గుచ్చి గాలి ఆడించుకోవాలి.

అంతర్వేది, మొగల్తూరు వైపు వాళ్ళూ, రొయ్యల చెరువుల పక్కనున్నవాళ్ళూ ముందు బోరు నీటిలో ఉప్పెంతుందో పరీక్ష చేయించుకోండి. గరిక కొంత ఉప్పు ఓర్చుకుంటుంది, మరీ ఎక్కువైతే పాస్‌పాలమ్ అనే రకం అడగండి, అది సముద్రపు ఒడ్డు గడ్డే.

మొత్తానికి ఆ నర్సరీలో గడ్డి రకానికి ఐదుకి ఐదు, మాట నిజాయితీకి ఐదు, పలకల మట్టికి రెండు. డబ్బు కట్టే ముందు ఏదో ఒక పలక తిరగేసి మట్టిని వేళ్ళతో చిదిపి చూడండి, నల్లటి చిన్న తుంగ గడ్డలు తగిలితే ఆ మడిలోది వద్దని చెప్పండి. గడ్డి తెల్లవారుజామున తీయించి, తడి గోనెలు కప్పించి, ఆ రోజే నాటించుకోండి, బండి మీద దొంతరగా రాత్రంతా ఉంటే లోపల వేడెక్కి పసుపు తిరుగుతుంది.