అల్యూమినియం పిడి జేబుకత్తి: బ్లేడ్‌తో పేచీ లేదు, పిడి రంగుతోనే

బ్లేడ్ గురించి, లాక్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. బాగా తెగుతుంది, లాక్ ఇప్పటికీ గట్టిగానే పడుతోంది, మధ్యలో ఒకసారి పివట్ స్క్రూ (బ్లేడ్ తిరిగే ఇరుసు) కాస్త వదులైతే బిగించుకున్నాను, అంతే. నా గొడవంతా అల్యూమినియం పిడి మీద ఉన్న ఆ నల్ల రంగుతోనే. చాలాకాలం వాడాక కూడా ఆ చిరాకు పూర్తిగా పోలేదు కాబట్టి రాస్తున్నాను.

పెట్టె తెరిచిన రోజే కనిపించింది. పిడి చివర, తాడు కట్టుకునే రంధ్రం పక్కన, అంచు మీద ఆవగింజంత వెండిరంగు మచ్చ. మొదట దుమ్మనుకుని గోరుతో గీకాను, పోలేదు, అది ఉత్త లోహం. ఇంకాస్త వంచి వెలుతురులో చూస్తే అదే వైపు నలుపు కింద లోహాన్ని చెక్కిన మిల్లింగ్ మెషిన్ గీతలు కూడా సన్నగా, వరసగా కనిపించాయి. చేతికి తగలవు, కంటికి మాత్రం ఒకసారి కనిపించాయంటే ఇక వదలవు.

కంపెనీకి ఫొటోలు పంపితే వచ్చిన జవాబు ఊహించిందే: ఇవి పైపై లోపాలు, పనితీరుకు సంబంధం లేదు, వారంటీలోకి రావు. పనితీరుకు సంబంధం లేదన్నది నిజమే. కానీ అమ్మేటప్పుడు ఫొటోల్లో చూపించింది ఆ రంగునే కదా! నాలుగు మెయిళ్లు అటూ ఇటూ నడిచాక కత్తి మార్చరు గానీ ఆ వైపు పిడి పలక ఒక్కటి కొత్తది పంపుతామన్నారు. సరే అన్నాను.

ఇంతకీ ఆ మచ్చ ఎందుకొస్తుందంటే, పెయింట్ అయితే పైన పూస్తారు, నా పిడికి చేసిన అనోడైజింగ్‌లో మాత్రం పొరని ఆ లోహంలోంచే పుట్టిస్తారు. యాసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పెడితే అల్యూమినియం పైభాగం ఆక్సైడ్‌గా మారుతుంది, ఆ పొరలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, వాటిలోకి రంగు ఎక్కించి వేడినీళ్లలో పెట్టి మూసేస్తారు. తొట్టిలో వేలాడదీయాలంటే ముక్కని ఎక్కడో ఒకచోట క్లిప్పుతో పట్టుకోక తప్పదు, కరెంటు వెళ్లేదీ అక్కడినుంచే. పట్టుకున్న చోట పొరా రాదు, రంగూ ఎక్కదు. శ్రద్ధ ఉన్నవాళ్లు పలక లోపలివైపో, స్క్రూ రంధ్రంలోనో పట్టుకుంటారు, నాకు అమ్మినవాళ్లు బయట అంచు మీద పట్టుకున్నారు. నా కడుపుమంట అదీ. ఇక మెషిన్ గీతలంటారా, ఈ పొర మామూలుగా 5 నుంచి 25 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పైగా పారదర్శకం, కింద ఉన్న గీతని దాచే శక్తి దానికి లేదు. రంగుకు ముందే లోహాన్ని సరిగ్గా బ్లాస్టింగ్ (సన్నని రవ్వలు బలంగా కొట్టి గీతలు పోగొట్టడం) చేసి ఉండాల్సింది.

కొత్త పలక వచ్చింది. మచ్చ లేదు, గీత లేదు. టార్క్స్ స్క్రూలు (తలలో నక్షత్రం ఆకారం గాడి ఉండేవి) విప్పి (గమ్ వేసి బిగించారు, కాస్త వేడి చేస్తే గానీ కదల్లేదు) పలక మార్చి, ట్యూబ్‌లైట్ కింద చూసుకుని హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు ఎండలోకి తీసుకెళ్తే అసలు రంగు బయటపడింది: ఒకవైపు బొగ్గు నలుపు, రెండోవైపు వంగపండు ఛాయ! రెండూ వేర్వేరు బ్యాచ్‌లు మరి. తొట్టిలో ఉంచిన సేపు, రంగు నీళ్ల వేడి, లోహపు పలక ఎక్కడినుంచి వచ్చిందన్నది, వీటిలో ఏది కాస్త మారినా నలుపు మారిపోతుంది, ఆ తేడా ఇంట్లో లైటు కింద తెలియదు. మచ్చ అయితే వెతికితేనే కనిపిస్తుంది, ఇది చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కనిపించేది. కొన్నాళ్లు ఓర్చుకుని, పాత మచ్చ పలకనే మళ్లీ బిగించేశాను, కొత్తది డ్రాయర్‌లో ఉంది.

ఇక్కడే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. అన్నాళ్లు వాడినా ఆ మచ్చ పెరగలేదు. చుట్టూ రంగు పెచ్చులుగా లేస్తుందని భయపడ్డాను, లేవలేదు, పెయింట్ కాదు కాబట్టి లేచే అవకాశమే తక్కువ. తుప్పు గోలా లేదు, బయటపడ్డ అల్యూమినియం మీద గాలికి దానంతటదే సన్నని ఆక్సైడ్ పొర వస్తుంది. అరిగిపోయింది మాత్రం, మొదటిరోజు నిక్షేపంలా ఉన్న పదునైన అంచులు. మూల దగ్గర పొర రెండు వైపులకీ చీలినట్టు పెరుగుతుంది కాబట్టి అక్కడ బలహీనం, తాళాలకు తగిలి తగిలి అంచు పొడవునా వెండి గీత వచ్చేసింది. జేబుకి తగిలించుకునే క్లిప్ కొన రాసుకునే చోట కూడా అంతే. నల్ల మార్కర్‌తో దిద్దితే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత చేతికి అంటుకుంటుంది, దండగ. మళ్లీ రంగు వేయించాలంటే పాత పొరని కాస్టిక్ సోడాలో కరిగించాలి, దాంతోపాటు లోహమూ కాస్త పోతుంది, స్క్రూ రంధ్రాలు వదులవుతాయేమోనని నేను ఆ జోలికి పోలేదు.

కొన్న కొత్తలో తేలిక, పట్టు రెండూ బ్రహ్మాండం అని కనపడిన వాళ్లందరికీ చెప్పాను. తేలిక మాట మీద ఇప్పటికీ నిలబడతాను. పట్టు విషయంలో మాత్రం, బొటనవేలు ఆనే చోట పిడి మీది గరుకు నునుపెక్కింది, చెయ్యి తడిగా ఉంటే జారుతోంది. చలిలో పిడి చల్లగా తగలడం సరే, అల్యూమినియం అన్నాక తప్పదు.

ఇలాంటిదే కొనేవాళ్లకు నా మాట: రెండు వైపులా ఎండలో పక్కపక్కన పెట్టి చూడండి, ఛాయ తేడా ఉంటే వెంటనే వాపసు పంపండి, అది వాడుకలో సర్దుకునేది కాదు. చిన్న మచ్చ ఒక్కటే అయితే, క్లిప్ కింద దాగేదైతే, నేనైతే ఉంచేసుకుంటాను. హార్డ్ అనోడైజింగ్ అని రాసుంటే పొర మందం ఎక్కువ, అంచులు కాస్త ఆలస్యంగా అరుగుతాయి. అసలు రంగే వేయని వెండి పిడి అయితే ఈ బాధ చాలావరకు ఉండదు, 1961 నాటి స్విస్ సైనికుల కత్తికి ఆ తరహా ఎగుడుదిగుడు అల్యూమినియం పిడే ఉండేది, అరిగినా కింద ఉన్నదీ అదే వెండి కాబట్టి తేడా తెలియదు. ఈసారి నేను కొంటే అలాంటిదే.

మూడు స్టార్లు ఇస్తున్నాను. నా తాళాలూ కత్తీ ఒకే జేబులో ఉంటాయి, రోజుకు పదిసార్లు తీస్తాను, పైగా చిన్న తేడా కూడా కళ్లలో పడే రకాన్ని. కత్తిని విడిగా పెట్టుకుని అప్పుడప్పుడు వాడేవాళ్లు ఇంకో స్టారు కలుపుకోవచ్చు.