బ్లూమింగ్టన్ శ్మశానంలో ఒక పూట, స్ప్రింగ్‌ఫీల్డ్ మోటెల్లో ఒక రాత్రి

"పిల్ల ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి శ్మశానానికి బయల్దేరతారా ఎవరైనా?" అని కారెక్కేదాకా మా ఆవిడ గొణుగుతూనే ఉంది. అమ్మాయి ఎటూ చెప్పలేక నవ్వేసింది. అల్లుడు మాత్రం "వెళ్దాం మావయ్యగారూ, నేనూ ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి ఆ గేటు లోపలికి వెళ్ళలేదు" అన్నాడు.

వాళ్ళుండేది ఇల్లినాయి రాష్ట్రంలో మెక్‌లీన్ కౌంటీ, బ్లూమింగ్టన్. స్టేట్ ఫామ్ ఇన్సూరెన్స్ హెడ్డాఫీసు ఇక్కడే కాబట్టి మనవాళ్ళు బాగానే ఉన్నారు, గుడి కూడా ఉంది. ఇక్కడికొచ్చే తల్లిదండ్రులకు పిల్లలు షికాగో చూపిస్తారు, నయాగరా చూపిస్తారు, షాపింగ్ చేయించి పంపిస్తారు. ఊళ్ళో ఏముందని అడిగేవాళ్ళు తక్కువ. నేను 30 ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. అమెరికా రాజకీయాల్లో అంత పెద్ద పేర్లు కూతురి ఇంటి దగ్గరే మట్టిలో ఉన్నాయని తెలిశాక ఊరుకోలేకపోయాను.

ఎవర్‌గ్రీన్ మెమోరియల్ సిమెట్రీ అని దాని పేరు. టికెట్ లేదు, పార్కింగ్ ఫీజు లేదు, ఎవరు మీరు అని అడిగే కాపలావాడూ లేడు. లోపల సన్నటి రోడ్ల మీద కారులోనే తిరగొచ్చు. పెద్ద పెద్ద చెట్లు, కోసిన గడ్డి వాసన. మేం వెళ్ళింది మే నెల చివర్లో, యుద్ధాల్లో చనిపోయిన సైనికులను తలచుకునే మెమోరియల్ డేకి ముందు. సైనికుల సమాధుల దగ్గర ఎవరో చిన్న చిన్న జెండాలు గుచ్చి వెళ్ళారు. మా ఆవిడ కారు దిగలేదు. అద్దం పైకెత్తుకుని, ఒళ్ళో మంచినీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంది.

అరగంట తిరిగినా మాకు కావలసిన రాయి దొరకలేదు. ఫోన్లో మ్యాపు ఒకచోట చూపిస్తుంది, అక్కడ వేరే ఇంటిపేరు ఉంటుంది. గడ్డి కోసే బండి మీద ఉన్న పెద్దాయన మమ్మల్ని చూసి మెషీన్ ఆపి, చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి, "స్టీవెన్సనా?" అని ఆయనే అడిగాడు. బండి దిగి మా ముందు నడుచుకుంటూ తీసుకెళ్ళాడు. అక్కడితో వదిలేయలేదు. ఇంకా ఎవరెవరిని చూడాలని అడిగి, నేను పేర్లు చెబుతుంటే చెయ్యి చాపి ఒక్కొక్క దారీ చూపించాడు. పది డాలర్ల నోటు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఈ ట్రిప్పు మొత్తం మీద నాకు గుర్తుండిపోయే మనిషి ఆయనే.

ఎడ్లై స్టీవెన్సన్ అన్న పేరుతో తాతా మనవలిద్దరూ ఇక్కడే ఉన్నారు. తాత (1835–1914) గ్రోవర్ క్లీవ్‌లాండ్ రెండోసారి అధ్యక్షుడైనప్పుడు ఉపాధ్యక్షుడు. అంతకుముందు పోస్టల్ శాఖలో ఉండగా అవతలి పార్టీ పోస్టుమాస్టర్లను వేల సంఖ్యలో పీకేసి పేరు మోశాడు. మనవడు (1900–1965) ఇల్లినాయి గవర్నరు. 1952లో ఒకసారి, 1956లో ఒకసారి డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి నిలబడి, రెండుసార్లూ ఐజన్‌హోవర్ చేతిలో ఓడిపోయాడు. 1952 ప్రచారంలో ఆయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నప్పుడు షూ అడుగున చిల్లు కనబడిన ఫొటో ఒకటుంది, దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఈ ఊరి ఎయిర్‌పోర్టులో ఆయన కంచు విగ్రహం బెంచీ మీద కూర్చుని ఉంటుంది, దాని షూకీ చిల్లు పెట్టారు. దిగగానే నా కంటబడింది అదే.

ఆ మనవడి రాయి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. 1961 డిసెంబరులో మన సైన్యం గోవాలో అడుగుపెట్టినప్పుడు భద్రతామండలిలో అమెరికా తరఫున మన మీద విరుచుకుపడింది ఈయనే. సోవియట్ వీటో లేకపోతే, సైన్యాన్ని వెనక్కి తీసుకోమన్న తీర్మానం మన మెడకు చుట్టుకునేది. నాలుగు శతాబ్దాలకు పైగా పోర్చుగల్ చేతిలో ఉన్న నేలను తిరిగి తీసుకోవడాన్ని దురాక్రమణ అన్నవాడు. ఆ మాట తప్పని ఇప్పటికీ అంటాను. ఏడాది తిరక్కుండానే, 1962 అక్టోబరులో, క్యూబాలో క్షిపణుల ఫొటోలు అదే మండలిలో పెట్టి సోవియట్ ప్రతినిధిని నిలదీసిందీ ఈయనే. ఈ రెండు ఘట్టాలూ వేరు వేరు పాఠాల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రెంటిలోనూ ఉన్న మనిషి ఇక్కడ, పక్కింటివాళ్ళ సమాధుల వరసలో, పైన కప్పు లేకుండా, కంచె లేకుండా పడుకుని ఉన్నాడు. 1965లో లండన్ వీధిలో నడుస్తూ కుప్పకూలి చనిపోతే ఇక్కడికి తెచ్చారు. అంత్యక్రియలకు అధ్యక్షుడు జాన్సన్ ఈ చిన్న ఊరికి వచ్చాడు. రాతి మీద తడి గడ్డిముక్కలు అంటుకుని ఉంటే అల్లుడు వేళ్ళతో తీసేశాడు. ఘాట్‌లూ గోపురాలూ చూసి అలవాటైన కంటికి అది కొత్తగా ఉంది, నాకు నచ్చింది.

ఇక్కడే ఉన్న జడ్జి డేవిడ్ డేవిస్ గురించి కూడా చెప్పాలి. 1860లో లింకన్‌కు పార్టీ టికెట్ తెచ్చిపెట్టిన పెద్దమనిషి. లింకన్ ఆయన్ను సుప్రీంకోర్టుకు వేశాడు. అదే డేవిస్ 1866లో, మామూలు కోర్టులు నడుస్తున్నచోట పౌరులను మిలిటరీ కోర్టుల్లో విచారించకూడదని తీర్పు రాశాడు. ఆ కేసులో మిలిటరీ విచారణ జరిగింది లింకన్ హయాంలోనే. స్నేహితుడి ప్రభుత్వం చేసిందని వెనకాడలేదు. ఊళ్ళో ఆయన బంగళా చూడటానికీ టికెట్ లేదు, తోచింది హుండీలో వేస్తే చాలు. నలుగురికీ కలిపి 20 డాలర్లు వేశాం.

గవర్నర్ జోసెఫ్ ఫైఫర్ కూడా ఈ ఊరివాడే. అంతర్యుద్ధంలో మామూలు సిపాయిగా వెళ్ళి గట్టిగా గాయపడి వచ్చాడు. గవర్నరయ్యాక కూడా జనానికి 'సిపాయి జో'నే.

ఇక తిరిగి వెళ్దామనుకుంటుంటే అమ్మాయి వచ్చి, "అమ్మా, ఇక్కడో పాప ఉంది, అయిదు నెలల పాప" అని చెప్పింది. డోరతీ గేజ్. 1898లో పుట్టి ఆ సంవత్సరమే పోయింది. ఓజ్ మాంత్రికుడి కథ రాసిన ఫ్రాంక్ బామ్ భార్యకు మేనకోడలు. ఆ కథలో పిల్లకు డోరతీ అన్న పేరు ఈ పాపదే అంటారు. మా మనవరాలు ఆ సినిమా పదిసార్లు చూసింది. మా ఆవిడ అప్పుడు కారు దిగింది. చెప్పులు గడ్డి అంచున విడిచి, వెళ్ళి, పమిట చెంగుతో రాయి మీద దుమ్ము తుడిచింది. ఒక్క మాట మాట్లాడలేదు. మాకు తొలి బిడ్డ దక్కలేదు. అమ్మాయి తల్లి భుజం మీద చెయ్యేసి అలాగే నిలబడింది.

ఇంటికొచ్చి అందరం తలస్నానాలు చేసి, పన్నెండున్నరకు పులిహోర తిన్నాం.

మర్నాడు స్ప్రింగ్‌ఫీల్డ్. సుమారు 65 మైళ్ళు, గంట ప్రయాణం. ఓక్ రిడ్జ్ శ్మశానంలో లింకన్ సమాధి చూడటం కూడా ఉచితమే. 1876లో దొంగనోట్ల ముఠా ఒకటి శవపేటిక ఎత్తుకుపోవాలని ప్రయత్నించిందట. 1901లో 10 అడుగుల లోతున కాంక్రీటు పోసి పూడ్చిపెట్టారు. బయట లింకన్ కంచు తల ఉంది, ముక్కు అందరూ తడిమి తడిమి బంగారంలా మెరుస్తుంది. ప్రశాంతంగా గడిచింది.

ఆ రాత్రి గురించి మాత్రం వివరంగా రాయాలి. లింకన్ ఇల్లు పొద్దున్నే చూద్దామని ఊరి చివర హైవే పక్కన ఒక మోటెల్లో రెండు గదులు తీసుకున్నాం. ఆన్‌లైన్లో గది 74 డాలర్లు. కౌంటర్ దగ్గర పన్నులతో 86 అయింది, పైగా గదికి 100 డాలర్లు డిపాజిట్ అని కార్డు మీద పట్టి ఉంచారు. ఇంతవరకు సరే. మా గది తలుపు తీయగానే సిగరెట్ కంపు. తలుపు మీద పొగ తాగరాదని బోర్డు, లోపల కర్టెన్ ముట్టుకుంటే చేతికి వాసన. అల్లుడు కిందికెళ్ళి చెబితే, వేరే గది లేదు, స్ప్రే కొడతాం అన్నారు. స్ప్రే కొట్టాక రెండు వాసనలు కలిసి ఇంకా ఘోరం. స్నానాల తొట్టిలో నీళ్ళు దిగడం లేదు. మా ఆవిడ రాత్రంతా పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చునే ఉంది. టిఫిన్ ఉచితం అన్నారు, తీరా చూస్తే చల్లటి బ్రెడ్డూ, అడుగంటిన పాలూ. వాఫిల్ మెషీన్ మీద 'పని చేయదు' అని కాగితం.

మూడు రోజుల తర్వాత కార్డులో 150 డాలర్లు అదనంగా పడ్డాయి. కారణం: మా గదిలో పొగ తాగారట! కంపు కొడుతోందని మొత్తుకున్నది మేము. నేను జన్మలో బీడీ ముట్టలేదు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మా ఆవిడకు కళ్ళనీళ్ళు ఆగలేదు, డబ్బు పోయినందుకు కాదు, అంత మాట అన్నందుకు. ఫోన్ చేస్తే మేనేజర్ లేడు అంటారు, మళ్ళీ చేస్తే ఎత్తరు. చివరికి అల్లుడు కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాడు. చేరిన పది నిమిషాల్లోనే అమ్మాయి తీసిన వీడియో, బుకింగ్ యాప్‌లో వాసన గురించి పెట్టిన మెసేజ్ మమ్మల్ని కాపాడాయి. 23 రోజులకు ఆ 150 వెనక్కి వచ్చాయి.

కాబట్టి ఎవరు వెళ్ళినా నా మాట వినండి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రాత్రి ఉండాల్సిన పని లేదు. పొద్దున ఏడింటికి బయల్దేరితే సమాధి, లింకన్ ఇల్లు, అసెంబ్లీ భవనం చూసుకుని చీకటి పడేలోపు ఇంటికొచ్చేయొచ్చు. ఉండక తప్పకపోతే సామాను దించకముందే గది వీడియో తీయండి, ఫిర్యాదు నోటితో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా పెట్టండి. ఊరి ప్రత్యేకం అని హార్స్‌షూ అనే వంటకం తినమంటారు. బ్రెడ్డు మీద కట్‌లెట్, దాని మీద ఆలుగడ్డ వేపుళ్ళు, అన్నిటి మీదా చీజ్ సాస్. శాకాహారంలోనూ చేసిచ్చారు, 13 డాలర్ల 50 సెంట్లు. ఒకటి తీసుకుంటే ఇద్దరికి సరిపోతుంది.

బ్లూమింగ్టన్‌కు మాత్రం ఒక పూర్తి పూట పెట్టుకోండి. వీలైతే అక్టోబరులో వెళ్ళండి. అప్పుడు కౌంటీ మ్యూజియం వాళ్ళు నటులకు ఆనాటి బట్టలు కట్టించి, సమాధుల దగ్గర వాళ్ళవాళ్ళ కథలు చెప్పిస్తారు. మాకు ఆ వేళ కుదరలేదు, వీసా గడువు ముందే అయిపోయింది. అమ్మాయి వాళ్ళు టికెట్లు కొన్నామని నిన్న ఫోన్ చేశారు. మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "అటు వెళ్తే ఆ పాప దగ్గర రెండు పువ్వులు పెట్టి రండి" అని చెప్పింది.