‘కంప్లీట్ టర్బో కిట్’ అంటే నమ్మకండి: 1.6 మియాటా ఓనర్లకు హెచ్చరిక

మొదటి తరం మజ్దా ఎమ్‌ఎక్స్-5 మియాటా, అందులోనూ 1.6 లీటర్ ఇంజిన్ కారు ఉండి, ఆన్‌లైన్‌లో టర్బో (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసేది) కిట్ కోసం వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నేను కొన్న కిట్ లిస్టింగ్‌లో ‘కంప్లీట్, బోల్ట్-ఆన్, ట్యూనింగ్ అక్కర్లేదు’ అని రాశారు. బోల్ట్-ఆన్ అంటే ఏమీ సవరించకుండా నేరుగా బిగించేయొచ్చని. మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. టర్బో పోయింది. ఇంజిన్ దక్కింది, అది కూడా కిట్‌లో లేని ఒక మీటర్ విడిగా పెట్టించడం వల్ల. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది, ఒక పేరు చెబితే రేపు ఇంకో పేరుతో వస్తుంది. సరుకును గుర్తుపట్టడం నేర్చుకుంటే మేలు.

1989లో వచ్చిన ఈ కారు బరువు వెయ్యి కిలోల లోపే. ఫ్యాక్టరీ ఇచ్చిన పవర్ సుమారు 115 హార్స్‌పవర్. ఇంత తేలిక కారుకు కాస్త పవర్ చేర్చినా సీట్లో కూర్చున్నవాడికి వెంటనే తెలుస్తుంది. అమ్మేవాళ్లు దీన్నే పట్టుకుని లెక్క చెబుతారు: కారు తేలిక కాబట్టి తక్కువ బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) చాలు, బూస్ట్ తక్కువ కాబట్టి ఇంకేమీ మార్చక్కర్లేదు. మొదటి మాట నిజమే. రెండో మాట నమ్మినవాళ్ల పిస్టన్లే పగులుతున్నాయి.

కిట్ పెట్టె తెరవగానే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది), బ్లో-ఆఫ్ వాల్వ్, పాలిష్ చేసిన పైపులు తళతళలాడుతూ బయటికొచ్చాయి. బయటికి కనిపించే సామానుకు లోటు లేదు. లిస్టింగ్ ఫొటోలో ఉన్నది మాత్రం పోత ఇనుము మానిఫోల్డ్ (ఇంజిన్ ఎగ్జాస్ట్‌ను టర్బోకు చేర్చే భాగం), పెట్టెలో వచ్చింది సన్నని స్టీల్ గొట్టాలు వెల్డింగ్ చేసినది. అడిగితే ‘కొత్త డిజైన్, ఇంకా మంచిది’ అన్నారు. ఇంజిన్‌కు ఆనుకునే ఫ్లాంజ్ (బోల్టులు బిగించే చదును అంచు) మీద సరిగ్గా ఉన్న స్టీల్ స్కేలు పెట్టి చూస్తే మధ్యలో సందు. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆకు అందులోకి సాఫీగా దూరింది. మెషీన్ షాపులో ఫ్లాంజ్ చదును చేయిస్తే తప్ప గ్యాస్కెట్ నిలిచే పరిస్థితి లేదు. ‘బోల్ట్-ఆన్’ అన్న మాట అక్కడే పోయింది.

మానిఫోల్డ్‌తో వచ్చిన స్టడ్లు, నట్లు మామూలు రకం. పెట్రోల్ ఇంజిన్ ఎగ్జాస్ట్ గ్యాస్ గట్టిగా తొక్కినప్పుడు 800, 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఆ వేడికి స్టడ్ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, దాంతో నట్టు నెమ్మదిగా వదులవుతుంది. పైగా టర్బో బరువంతా వేలాడేది ఆ నాలుగు స్టడ్ల మీదే. మియాటా టర్బో వేసుకున్నవాళ్లలో పాత కాపులు చాలామంది ఇన్‌కోనెల్ (వేడికి తట్టుకునే లోహం) స్టడ్లు, లాకింగ్ నట్లు వాడతారు, ఊరికే కాదు. కిట్‌లో ఒక్క లాక్ వాషర్ కూడా లేదు. నా కారులో నట్లు వదులై, టర్బో ఫ్లాంజ్ పక్కన వెల్డింగ్ అంచున వెంట్రుకంత బీట పడింది. మొదట టిక్ టిక్ మని చప్పుడు, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోయేది. అలా వినిపిస్తే వాల్వ్ చప్పుడు అనుకోకండి. నల్లటి మసి చార కోసం మానిఫోల్డ్ చుట్టూ టార్చ్ వేసి చూడండి.

ఇదంతా చిరాకు వ్యవహారం, అంతే. అసలు ప్రమాదం పెట్రోల్ దగ్గరుంది.

ఈ 1.6 ఇంజిన్ కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే లెక్క) 9.4. టర్బో లేకుండా నడవడానికి చేసిన ఇంజిన్ ఇది. లోపలికి వచ్చే గాలి మొత్తం ఒక రెక్కను నెట్టుకుంటూ వెళ్తుంది. ఆ రెక్క ఎంత తెరుచుకుందో చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఎంత పెట్రోల్ కొట్టాలో లెక్క వేస్తుంది. రెక్క పూర్తిగా తెరుచుకున్నాక ఇంకెంత గాలి వచ్చినా ఈసీయూకి తెలియదు. అర బార్ బూస్ట్ అంటే దాదాపు ఒకటిన్నర రెట్ల గాలి. ఆ అదనపు గాలికి తగ్గ పెట్రోల్ ఎక్కణ్నుంచి రావాలి?

ఈ కిట్ ఇచ్చిన సమాధానం బూస్ట్‌తో పాటు పెట్రోల్ ప్రెషర్ పెంచే ఒక రెగ్యులేటర్. ఫ్యాక్టరీ ఇంజెక్టర్లు, ఫ్యాక్టరీ పంపు, ఫ్యాక్టరీ ఈసీయూ అన్నీ అలాగే ఉంచాలట. వినడానికి బాగుంటుంది. కానీ ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు తోడే పెట్రోల్ తగ్గుతుంది, ముప్పై ఏళ్ల పాత పంపు అయితే ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. అంటే తక్కువ ఆర్‌పీఎమ్‌లో అంతా బాగున్నట్టే ఉండి, సరిగ్గా ఎక్కువ పెట్రోల్ కావలసిన చోట తక్కువవుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బూస్ట్‌లో స్పార్క్ ఆలస్యంగా పడాలి. ఫ్యాక్టరీ ఈసీయూకి బూస్ట్ అనేది ఉందనే తెలియదు, టైమింగ్ ఎందుకు తగ్గిస్తుంది?

ఈ గొడవలన్నీ ముందే విని ఉన్నాను కాబట్టి, కారు బయటికి తీయకముందే వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టించాను. ఒక వంతు పెట్రోల్‌కు ఎన్ని వంతుల గాలి పోతోందో, అంటే ఎయిర్-ఫ్యూయల్ రేషియో, అది చూపిస్తుంది. అంకె పెరిగితే పెట్రోల్ చాలడం లేదని. మామూలు ఆక్సిజన్ సెన్సర్ 14.7 చుట్టుపక్కల మాత్రమే కచ్చితంగా చెబుతుంది, బూస్ట్‌లో అది దండగ. బూస్ట్‌లో ఎయిర్-ఫ్యూయల్ రేషియో సుమారు 11.5 దగ్గర ఉండాలి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో మెల్లగా ఎక్కిస్తుంటే మీటర్ మీద మొదట 11.8. బూస్ట్ పూర్తిగా అందాక 12.4. ఐదు వేల ఆర్‌పీఎమ్ దాటుతుంటే 13 దాటేసి ఇంకా పైకే పోతోంది. కాలు తీసేశాను. ఆ సమయంలో కారు ఎంత బ్రహ్మాండంగా లాగుతోందో చెప్పలేను. దీంట్లో ఉన్న మాయే అది. లీన్‌గా (పెట్రోల్ చాలకుండా) నడుస్తున్న ఇంజిన్ చావబోయే ముందు కూడా హుషారుగానే ఉంటుంది. ఈ 1.6లో డెటొనేషన్‌ను (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడాన్ని) పసిగట్టే నాక్ సెన్సర్ లేదు, కొత్త ఎగ్జాస్ట్ మోతలో డెటొనేషన్ చప్పుడు చెవికి వినపడదు. పిస్టన్ రింగుల మధ్య అంచులు విరిగాకే తెలుస్తుంది, ఆయిల్ డిప్‌స్టిక్ గొట్టంలోంచి పొగ తన్నుకొస్తుంటే.

అమ్మినవాళ్లకు మీటర్ రికార్డింగ్ పంపాను. ‘మీ మీటర్ తప్పు అయ్యుంటుంది, మా కస్టమర్లు ఎవరూ మీటర్ వాడరు’ అని జవాబు. రెండో ముక్క మాత్రం నిజమే అయ్యుంటుంది.

తర్వాత స్టాండలోన్ ఈసీయూ (ఫ్యాక్టరీ ఈసీయూ బదులు పెట్టేది), పెద్ద ఇంజెక్టర్లు, కొత్త పంపు వేయించి, డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేయించాను. ఆ రెక్క మీటర్ తీసేసి, గాలి ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్ పెట్టారు. ఇంజిన్ కుదురుకుంది. ఈ మొత్తం ఖర్చు కిట్ ధరను దాటేసింది. ఇది లిస్టింగ్‌లో ఎక్కడా లేదు.

ఇంజిన్ కుదురుకున్న కొన్నాళ్లకు టర్బో సైరన్ వేయడం మొదలుపెట్టింది. బూస్ట్ పెరిగేకొద్దీ పెరిగే సన్నని కూత. మామూలు టర్బో ఈల వేరు, అది వినసొంపుగానే ఉంటుంది. ఇది పన్ను మీద డ్రిల్లు పెట్టినట్టు ఉంటుంది. వెంటనే ఇన్‌టేక్ పైపు విప్పించాను. కంప్రెసర్ చక్రం రెక్కల కొసలు అరిగిపోయి, హౌసింగ్ లోపలి గోడ మీద మెరిసే గీత గుండ్రంగా పడి ఉంది. షాఫ్ట్ పట్టుకుని కదిపితే ముందుకీ వెనక్కీ కదులుతోంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో చక్రం గోడను తాకితే అల్యూమినియం పొడి నేరుగా ఇంటర్‌కూలర్‌లోకి, అక్కణ్నుంచి ఇంజిన్‌లోకి.

విప్పి చూస్తే అసలు కథ బయటపడింది. లిస్టింగ్‌లో ‘బాల్ బేరింగ్ టర్బో’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. లోపల ఒక్క బాల్ లేదు. ఉన్నవి ఇత్తడి రంగు బుష్‌లు, అంటే జర్నల్ బేరింగ్. అవి గీతలు పడి, నీలం నలుపు రంగులోకి మాడిపోయి ఉన్నాయి. ఆయిల్ ఫీడ్ ఫిట్టింగ్‌ను వెలుతురుకు పెట్టి చూపించాడు మెకానిక్. లోపల ఆయిల్ ధారను తగ్గించే చిన్న రెస్ట్రిక్టర్ బిగించి ఉంది. 1 మిల్లీమీటర్ డ్రిల్ బిట్ కాడ అందులో సరిగ్గా పట్టింది, అంతకన్నా లావు బిట్ దూరలేదు. అంత సన్న రంధ్రం బాల్ బేరింగ్ టర్బోకు సరిపోతుంది, దానికి ఆయిల్ తక్కువ కావాలి. జర్నల్ బేరింగ్ షాఫ్ట్ ఆయిల్ పొర మీదే తేలుతుంది, దానికి ధారగా ఆయిల్ కావాలి. అంటే లిస్టింగ్‌కు తగ్గ ఫిట్టింగ్, లిస్టింగ్‌కు తగని టర్బో ఒకే పెట్టెలో పెట్టి పంపారు. బయటి నుంచి చూసి ఏ బేరింగో కనిపెట్టడం మామూలు కొనుగోలుదారు వల్ల కాదు. హౌసింగ్ మీద పేరున్న కంపెనీ మోడల్‌ను గుర్తుచేసే అంకెలు ఉన్నాయి, కంపెనీ పేరు, సీరియల్ నంబర్ ప్లేట్ మాత్రం లేవు.

ఆయిల్ తిరిగి వెళ్లే హోస్ గురించి కూడా చెప్పాలి. కిట్‌లో ఇచ్చింది మామూలు రబ్బరు హోస్. మానిఫోల్డ్ పక్కనే వెళ్తుంది, వేడికి గట్టిపడి వంచితే పెళుసుగా పగిలింది. ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ మీద ఆయిల్ చిమ్మితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. టర్బో నుంచి ఆయిల్ ప్రెషర్‌తో కాదు, బరువుతో కిందికి జారుతుంది. కాబట్టి హోస్ లావుగా, ఎక్కడా పైకి ఎక్కకుండా వాలుగా ఉండాలి. ఆయిల్ పాన్‌కు రంధ్రం చేసి ఆ హోస్ కలపాలి. పాన్ కారుకే ఉంచి, డ్రిల్ బిట్‌కు గ్రీజు పూసి రంధ్రం చేయమని కిట్ కాగితంలో రాశారు. లోహపు రజను గ్రీజుకు అంటుకుంటుందట. ఈ కారులో పాన్ దించడం పెద్ద పని అన్నది నిజమే, కానీ ఆ రజను ఒక్క రవ్వ బేరింగుల్లోకి పోయినా నష్టం ఎంతో ఆలోచించండి. మేం దించే చేశాం.

వారంటీ అడిగితే మొదట బిల్లు అడిగారు. ఇచ్చాను. తర్వాత సర్టిఫైడ్ ఇన్‌స్టాలర్ రసీదు అడిగారు. అదీ ఇచ్చాను. ఆ తర్వాత ‘ఈసీయూ మార్చారు కాబట్టి వారంటీ చెల్లదు’ అన్నారు. ఈసీయూకీ, ఆయిల్ అందక కాలిన బేరింగుకీ సంబంధం ఏమిటంటే, ఈసారి ‘రేసింగ్ విడిభాగాలకు వారంటీ ఉండదు, రోడ్డు వాడకానికి కాదు’ అన్న చిన్న అక్షరాల లైను చూపించారు. లిస్టింగ్ ఫొటోలో ఉన్నది నంబర్ ప్లేటు తగిలించిన రోడ్డు కారు! పేమెంట్ ఇచ్చిన కార్డు ద్వారా డిస్ప్యూట్ వేశాను. లిస్టింగ్ స్క్రీన్‌షాట్లు ముందే తీసి దాచినందువల్లే అది నిలబడింది, ఎందుకంటే ఈలోపు వాళ్లు ‘బాల్ బేరింగ్’ అన్న మాట లిస్టింగ్‌లోంచి తీసేశారు.

క్లచ్ జారుతుందని, 1.6 కార్ల వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు పవర్ పంచే గేర్ల పెట్టె) చిన్నదని కిట్ వాళ్లు చెప్పరు. 1994 నుంచి వచ్చిన 1.8 కార్లలో దాన్ని పెద్దది చేశారు, చాలామంది 1.6 ఓనర్లు తెచ్చి వేసుకునేది దాన్నే. మజ్దా తానే 2004, 2005లో టర్బోతో అమ్మిన మజ్దాస్పీడ్ ఎమ్‌ఎక్స్-5 చూడండి. 178 హార్స్‌పవర్ కోసం క్లచ్, డ్రైవ్‌షాఫ్ట్‌లు గట్టివి పెట్టింది. కారు తయారుచేసిన కంపెనీ మార్చినవాటిని కిట్ అమ్మేవాడు అక్కర్లేదంటే ఎలా నమ్మడం?

కొనే ముందు అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి: పెట్టెలో వచ్చే ప్రతి విడిభాగం పేరు, టర్బో తయారీ కంపెనీ పేరు, సీరియల్ ప్లేట్ ఫొటో, బేరింగ్ రకం, ఫీడ్ రెస్ట్రిక్టర్ రంధ్రం సైజు. పెట్రోల్, టైమింగ్ రెండింటినీ ఏది కంట్రోల్ చేస్తుందో అడగండి. ‘రెగ్యులేటర్’ అంటే అక్కడితో మాటలు ఆపేయండి. ‘అందరూ ఇలాగే నడుపుతున్నారు’ అంటే డైనో షీట్ అడగండి, అందులో పవర్ గీతతో పాటు ఎయిర్-ఫ్యూయల్ గీత కూడా ఉండాలి. పవర్ గీత ఒక్కటే చూపించేవాళ్లు చాలామంది. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పులు ముందే చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర ఇంకో తలనొప్పి.

ఇలాంటి కిట్ ఇప్పటికే వేసుకుని తిరుగుతున్నవాళ్లు బండి పూర్తిగా చల్లారాక ఇన్‌టేక్ పైపు విప్పి, కంప్రెసర్ చక్రం మధ్య నట్టును రెండు వేళ్లతో పట్టుకుని కదపండి. జర్నల్ బేరింగ్ అయితే పక్కలకు కొద్దిగా ప్లే (కదలిక) ఉండటం మామూలే, ఆయిల్ పొరకు ఆ చోటు కావాలి. ముందుకు వెనక్కు ప్లే చేతికి తెలియకూడదు. పక్కకు నెట్టి తిప్పినప్పుడు రెక్క గోడకు రాసుకుంటే బండి స్టార్ట్ చేయకండి. ఫీడ్ ఫిట్టింగ్ విప్పి రంధ్రం కొలవండి. నా మెకానిక్ చేసినట్టు డ్రిల్ బిట్ కాడతో కొలిస్తే చాలు, వేరే పరికరం అక్కర్లేదు.