‘ఒరిజినల్ కాస్ట్యూమ్స్’ అన్న పోస్టర్ చూసి టికెట్లు కొంటున్నారా? కాస్త ఆగండి

పోర్ట్రెయిట్ ఫోటోలు, సినిమా దుస్తులు కలిపి పెట్టిన ఒక మ్యూజియం ప్రదర్శనకు పోయిన వారం ఇంటిల్లిపాదీ వెళ్లాం. మ్యూజియం పేరు చెప్పను. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొన్నాం, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు. పోస్టర్ మీద ‘ఒరిజినల్ కాస్ట్యూమ్స్, అరుదైన పాత ఫోటోలు’ అని ఉంది.

లైట్లు చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఎక్కువ వెలుతురు పాత బట్టకు చేటు, వెలిసిన రంగు మళ్లీ రాదు. అందుకే మ్యూజియాల్లో పాత దుస్తుల మీద వెలుతురును సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గరే ఆపుతారు, గది మసకమసగ్గా ఉంటుంది. ఇక్కడేమో పట్టపగలులా వెలిగిపోతోంది. దగ్గరికెళ్తే చెమ్కీలు నిన్న కుట్టినట్టున్నాయి. కాలర్‌కు మేకప్ మరక లేదు, చంకల దగ్గర చెమట మచ్చ లేదు, విప్పి మళ్లీ వేసిన కుట్టు ఒక్కటీ లేదు. షూటింగ్‌లో నలిగిన బట్ట అంత బుద్ధిగా ఉంటుందా? మోకాలి ఎత్తులో పెట్టిన చిన్న లేబుల్ వంగి చదివితే అప్పుడు తెలిసింది, ‘నమూనా చూసి కుట్టినది’ అట. నడుం నొప్పి అదనం.

నకలు పెట్టడం తప్పని నేననను, చెప్పి పెట్టాలి. అసలు సినిమావాళ్లే ఒక్కో డ్రెస్‌ను నటులకని, డూప్‌లకని రెండు మూడు కుట్టిస్తారు. 1939 నాటి హాలీవుడ్ సినిమా ‘ద విజార్డ్ ఆఫ్ ఆజ్’లో హీరోయిన్ వేసుకున్న ఎర్ర బూట్లూ ఒక్క జత కాదు. 2005లో దొంగలెత్తుకుపోయిన జత 2018లో దొరికాక, అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న జతతో పోల్చి చూస్తే, ఒక జత ఎడమ బూటు రెండో జత కుడి బూటుతో కలిసిపోయిందని తేలింది. మ్యూజియం ఆ సంగతి దాచలేదు.

ఫోటోల గదిలోనూ ఇదే తంతు. లేబుల్ మీద ఫోటో తీసిన ఏడాది ఉంది, ప్రింట్ వేసిన ఏడాది లేదు. బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ లాంటివాళ్లు 1860లలో తీసిన ముఖాలకు గాజు నెగెటివ్ ఎంతుంటే ప్రింటూ అంతే. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ఆ గోధుమ ఛాయ, అక్కడక్కడా గీతలు చూడటానికే కదా వెళ్లేది! ఇక్కడ ఆ కాలం ముఖాలు గోడంత ఉన్నాయి. అంటే స్కాన్ చేసి కొత్తగా వేసినవే.

కౌంటర్‌లో అడిగితే ‘ఇది బయటి సంస్థ పెట్టిన ప్రదర్శన, మాకు తెలీదండీ’ అన్నారు. ఐదు స్టార్ల రివ్యూలు నమ్మి కొన్న తప్పు నాదే. మళ్లీ చదివితే సగం సెల్ఫీ పాయింట్ గురించే. మీరైతే డబ్బు కట్టకముందే మెయిల్ పెట్టి రెండు ప్రశ్నలు అడగండి: తెర మీద వాడిన దుస్తులు ఎన్ని? ప్రింట్లు ఏ ఏడాదివి? జవాబు నీళ్లు నమిలినట్టుంటే టికెట్ మానుకోండి.

అన్నట్టు, ఒక మూల అసలుదే ఒకటుంది. డిజైనర్ పెన్సిల్‌తో గీసిన బొమ్మ, దానికి గుండుసూదితో గుచ్చిన వెలిసిపోయిన బట్ట ముక్క. దాని ముందు పావుగంట నిలబడ్డాను. పోస్టర్‌లో దాని ఊసే లేదు.