బరంపురం వైపు సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ కొంటున్నారా? ముందు శాడిల్స్ చూడండి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో పాత బేస్ కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బులివ్వండి. శాడిల్స్ అంటే బాడీ మీద బ్రిడ్జ్‌లో తీగలు ఆనే చిన్న ముక్కలు, వాటిని పైకీ కిందికీ జరపొచ్చు. షాపు పేరు రాయడం లేదు. లోపం ఎక్కడుంటుందో తెలిస్తే ఏ షాపులోనైనా పట్టేయొచ్చు.

చర్చిలో వాయించడానికి నాలుగు తీగల బేస్ తీసుకున్నాను. యాక్షన్, అంటే నెక్ మీద నుంచి తీగల ఎత్తు, బాగా ఎక్కువగా ఉందని కొనేటప్పుడే అడిగాను. "రాడ్డు తిప్పితే దిగిపోతుంది బాబూ, ఫ్రీగా చేసిస్తాం" అన్నారు. చేసిచ్చారు కూడా. ఇంటికి తెచ్చి వాయిస్తే మొదటి ఫ్రెట్లలో (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) తీగలు గరగరమంటున్నాయి, బాడీ వైపు ఎత్తు మాత్రం అలాగే ఉంది.

షాపువాళ్లు తిప్పిన ఆ రాడ్డు, ట్రస్ రాడ్, నెక్ లోపలుండే ఇనుప కడ్డీ. అది ఉన్నది నెక్ వంపు సరిచేయడానికి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కిపట్టి చూస్తే ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు చాలు. అది దాటి బిగిస్తే ఇలాగే బజ్ వస్తుంది, మరీ బిగిస్తే రాడ్డే తెగొచ్చు. నా గిటార్‌లో బ్రిడ్జ్ శాడిల్స్ అప్పటికే అడుగు తాకి ఉన్నాయి, దించడానికి ఇక చోటే లేదు. అంటే నెక్ కూర్చున్న కోణమే తప్పు.

ఆర్కెస్ట్రాలో వాయించే ఒక అన్న తీగలు వదులు చేసి వెనక నెక్‌ని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు విప్పాడు. ఒకటి పట్టు లేకుండా తిరుగుతోంది. ఆ రంధ్రంలో జిగురు కూడా లేకుండా అగ్గిపుల్లలు కుక్కారు! పాకెట్‌లో (బాడీలో నెక్ కూర్చునే గాడి) మడతపెట్టిన అట్టముక్క ఉంది, అదీ హెడ్ వైపు అంచున. అక్కడ పెడితే నెక్ ముందుకు వాలి తీగలు ఇంకా లేస్తాయి. పెట్టాల్సింది లోపలి అంచున, పికప్ వైపు. అన్న అక్కడ 0.5 మిల్లీమీటర్ల పలుచని చెక్కముక్క పెట్టాడు. తీగలు దిగి, శాడిల్స్ సుమారు 2 మిల్లీమీటర్లు పైకి లేపుకునే వీలు దొరికింది. పాడైన రంధ్రానికి మాత్రం డ్రిల్ చేసి కొత్త చెక్క బిరడా దిగ్గొట్టాలట.

షాపుకి వెళ్తే "మీరు విప్పేశారు కదా, మాకు సంబంధం లేదు" అన్నారు. కడుపు మండిపోయింది.

శాడిల్స్ పూర్తిగా దిగి ఉండి కూడా పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా ఉంటే రాడ్డు కథలు నమ్మొద్దు. కొన్ని ఫెండర్ బేసుల్లో వెనక ప్లేటుకి చిన్న రంధ్రం ఉంటుంది, స్క్రూలు కాస్త వదులు చేసి అలెన్ కీతో కోణం మార్చుకోవచ్చు. నెక్ జిగురుతో అతికించిన మోడల్ అయితే ఈ రిపేర్లేవీ కుదరవు, అక్కడే వదిలేయండి. సెట్టింగ్ తర్వాత కూడా యాక్షన్ దిగకపోతే డబ్బు వాపస్ ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే కొనకండి.