పాత జెన్‌కి వాక్యూమ్ గేజ్ తెప్పించా, పనికొచ్చింది

ముందే చెప్తున్నా, స్కానర్ పెట్టి చూసే కొత్త బండ్లున్నోళ్లకి ఇంజన్ గాలి పీల్చే బలం (వాక్యూమ్) కొలిచే ఈ గేజ్ అక్కర్లేదు, కార్బురేటర్ బండి ఇంకా వదలకుండా తిప్పుతున్న నాలాంటోళ్లకే. నాది 98 మోడల్ మారుతి జెన్ కారు. సిగ్నల్ దగ్గర స్లో (ఐడ్లింగ్) అస్సలు పట్టదు, ఏసీ వేస్తే ఠక్కున ఆగిపోతది, ఏ షెడ్డుకి తీసుకెళ్లినా కార్బురేటర్ విప్పి కడగాలి సార్ అనేదే మాట. కానీ ఫిల్టర్ మూత తీసి కార్బురేటర్ నోటికి చెయ్యి కొంచెం అడ్డం పెడితే ఇంజన్ బుద్ధిగా నడుస్తోంది. గాలి తగ్గిస్తే బాగుందంటే పెట్రోల్ అయినా తక్కువ వస్తుండాలి, లేదా ఎక్కడో దొంగగాలి (లీకులోంచి పక్కదారిలో దూరే గాలి) అయినా లాగుతుండాలి. అది తేల్చుకుందామనే ఆన్‌లైన్లో ఈ గేజ్ తెప్పించా, పేరున్న బ్రాండేం కాదు.

డబ్బాలో డయలు, రబ్బరు పైపు, పైపులు కలిపే కొన్ని ప్లాస్టిక్ టీలు వచ్చాయి. ముల్లు కదలట్లేదు డూప్లికేట్ అని తిట్టేవాళ్లు చాలావరకు డిస్ట్రిబ్యూటర్‌కి (ప్లగ్గులకి కరెంటు పంచేది) వెళ్లే సన్న పైపుకి తగిలించి ఉంటారు, చాలా బండ్లలో ఆ పైపు థ్రాటిల్ ప్లేటు (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) పైనుంచి వస్తది కాబట్టి ఐడ్లింగ్‌లో అక్కడ వాక్యూమే ఉండదు. నేరుగా మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజన్లోకి వెళ్లే గొట్టం) మీదున్న పాయింటుకే పెట్టాలి. కాగితంలో 17 నుంచి 21 ఇంచులు (పాదరసం లెక్కలో) నార్మల్ అని రాశాడు, అది సముద్రమట్టం లెక్క, వెయ్యి అడుగుల ఎత్తుకి దాదాపు ఒక ఇంచు తగ్గుతది. విజయవాడలో అయితే ఆ లెక్క సరిపోతది గానీ మన హైదరాబాద్‌లో ఒకటిన్నర, రెండు తీసేసుకోవాలి.

నా బండికి ముల్లు 12 దగ్గర కదలకుండా నిలబడింది. టైమింగ్ (ప్లగ్గు స్పార్క్ కొట్టే టైము) లేటయినా ఇలాగే తక్కువ చూపిస్తది, అందుకని ముందు అది చూసుకున్నా, బానే ఉంది. ఇక ఒక్కో పైపు మానిఫోల్డ్ దగ్గర ప్లయర్‌తో నొక్కుతూ పోయా (ప్లయర్‌కి గుడ్డ చుట్టండి, పాత పైపు పగులుద్ది). బ్రేక్ బూస్టర్ (వాక్యూమ్‌తో బ్రేక్‌ని తేలిక చేసేది) పైపు నొక్కగానే ముల్లు 17కి లేచింది! ఇంజన్ సౌండే మారిపోయింది. బూస్టర్ వైపు క్లిప్పు తీసి పైపు వంచి చూస్తే క్లిప్పు కిందే గోరు పట్టేంత చీలిక, బయటికి మాత్రం నీట్‌గా ఉంది. బ్రేక్ పెడల్ ఈమధ్య గట్టిగా తగలడం కూడా దీని పుణ్యమే. కొత్తది కొనేటప్పుడు బూస్టర్ పైపే అడగండి, పెట్రోల్ పైపు పెడితే వాక్యూమ్‌కి లోపలికి నొక్కుకుపోతది.

అయితే ఈ గేజ్ లీకు ఉందో లేదో చెప్తది గానీ ఎక్కడుందో చూపించదు. పైపులన్నీ బాగున్నా ముల్లు లేవకపోతే కార్బురేటర్ కింద ప్యాకింగ్, మానిఫోల్డ్ ప్యాకింగ్ చుట్టూ కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెంగా కొట్టి ఎక్కడ ఆర్‌పీఎం మారుతుందో వినాల్సిందే. అది వేడి సైలెన్సర్ మీదా ప్లగ్ వైర్ల మీదా పడిందో భగ్గుమంటది, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే, వేడెక్కకముందే చెయ్యండి.

మైనస్‌లు లేకపోలేదు. ముల్లు ఉన్నచోటే సన్నగా వణుకుతూనే ఉంటది, పైపు కొంచెం మడిచి పట్టుకుంటే ఆగుతది. టీలు నాసిరకం, ఒకటి తగిలిస్తుంటేనే విరిగింది. ఆ రబ్బరు పైపు అయితే వాసన, పైగా బిర్రుగా ఉంది, మొదటిరోజే తీసేసి వేరేది వేసుకున్నా. నాలుగు స్టార్లు, తగ్గిన ఒకటీ ఆ టీలకీ పైపుకీ.